పై గదికి వైఫై ఎక్కించాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్క బాధ చుట్టూనే తిరుగుతున్నాయి. కింద హాల్లో నెట్ పరుగెడుతుంది, పైకి వెళితే నిలబడిపోతుంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తం యాక్సెస్ పాయింట్‌కే, అంటే తీగలో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చే పెట్టెకే, ఇస్తున్నాను. రాజమండ్రిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ బడులకీ క్లినిక్‌లకీ ఇళ్ళకీ నెట్‌వర్క్ కేబుళ్ళు వేసే పని నాది. ఆ పనిలో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది, ముందే చెప్పేస్తాను. గాలిలో వచ్చి నీరసపడిన సిగ్నల్‌ని మళ్ళీ గాలిలోనే సాగదీయడం కన్నా, కావలసిన చోటికి తీగ వేసి అక్కడ కొత్తగా సిగ్నల్ ఇవ్వడం మేలు. వీలున్న ప్రతి ఇంట్లో తీగే వేయమంటాను.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ మా రెండంతస్తుల ఇంటికి ఒక్క రౌటర్ సరిపోతోంది. తణుకులో అమ్మావాళ్ళ ఇంట్లో ఫైబర్ పెట్టె కింద హాల్లో ఉంది. పై గదిలో నాన్నగారికి వీడియో కాల్ మాటిమాటికీ తెగిపోతోంది. పాత రౌటర్ ఒకటి అటక మీద ఉంది. పండక్కి వచ్చినప్పుడు దాన్ని పైన పెట్టి వాడుకునేలా చేయవచ్చా? – ఎస్., డల్లాస్

జవాబు: చేయవచ్చు. కొత్తది కొనే ముందు చేయాల్సిన పని కూడా అదే.

ముందు తేడా ఎక్కడుందో చూడండి. అమెరికాలో ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించి కడతారు. వాటిలోంచి సిగ్నల్ పెద్దగా తగ్గకుండానే దాటుతుంది. తణుకులో మీది తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన చువ్వలు అల్లి పోసిన స్లాబు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ స్లాబు దగ్గరే చిక్కిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త ఎక్కువ దూరం వస్తుంది గానీ, వీధిలోని పెట్టెలన్నీ ఆ ఇరుకు బ్యాండులోనే కేకలు వేసుకుంటుంటాయి. 'నాలుగు యాంటెన్నాల రౌటర్ కొంటే సరి' అని దుకాణంలో చెబుతారు. పెట్టె ఎంత గట్టిగా పలికినా, నాన్నగారి ఫోన్ తిరిగి జవాబివ్వాలి కదా. ఫోన్ బలం పెరగదు. కాల్ తెగేది ఎక్కువగా ఈ తిరుగు దారిలోనే.

అటక మీది పెట్టెను దించాక, అందులో డబ్ల్యూపీఏ2 సెక్యూరిటీ ఉందో లేదో చూడండి. వైఫై గుర్తింపు కోసం వచ్చే పరికరాలకు 2006 నుంచి అది తప్పనిసరి. అది కూడా లేనంత పాతదైతే వాడొద్దు. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే మరీ మంచిది. ఇక వెనక రీసెట్ రంధ్రంలో పిన్నుతో పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. ఎవరో ఎప్పుడో పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి. లాప్‌టాప్‌ని కేబుల్‌తో దాని ల్యాన్ పోర్టుకు, అంటే ఇంట్లోని పరికరాలను తగిలించే రంధ్రానికి, కలపండి. ఇంకా ఫైబర్ పెట్టెకు కలపొద్దు. అడుగున స్టిక్కర్ మీద ఉన్న చిరునామా, సాధారణంగా 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ, బ్రౌజర్‌లో కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది.

ఆ పేజీలో 'ఆపరేషన్ మోడ్' కింద 'యాక్సెస్ పాయింట్' అని ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. అది ఎంచుకుని, వైఫై పేరూ పాస్‌వర్డూ పెట్టి, సేవ్ చేసి, కేబుల్ తగిలించండి. చాలా పాత పెట్టెల్లో ఆ మోడ్ ఉండదు. అప్పుడు చేత్తో చేయాలి. కింద ఫైబర్ పెట్టె చిరునామా 192.168.1.1 అనుకుందాం. దాని పేజీలోకి వెళ్ళి అది ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా చిరునామాలు పంచుతోందో చూడండి. 2 నుంచి 254 దాకా పంచుతుంటే, మొదలును 20కి జరపండి. అప్పుడు 2 నుంచి 19 దాకా మన చేతిలో ఉంటాయి. పాత రౌటర్‌లో ల్యాన్ ఐపీని, అంటే దాని సొంత చిరునామాని, 192.168.1.2గా మార్చి సేవ్ చేయండి. అది ఒకసారి ఆగి లేస్తుంది. ఈసారి 192.168.1.2 అని కొట్టి లోపలికి వెళ్ళి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆపేయండి. ఈ వరసే పాటించండి. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే లాప్‌టాప్‌కు చిరునామా ఇచ్చేవాళ్ళు లేక, మీరే ఆ పెట్టెలోకి వెళ్ళలేక తిప్పలు పడతారు.

ఇక కేబుల్. ఫైబర్ పెట్టె ల్యాన్ పోర్టు నుంచి పాత రౌటర్ ల్యాన్ పోర్టుకు. బయటి నెట్ కోసం వేరే రంగులో విడిగా ఉండే వ్యాన్ పోర్టు జోలికి పోవద్దు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందులో పెడితే పై అంతస్తు విడిగా మరో నెట్‌వర్క్ అయిపోతుంది. నెట్ వచ్చినా, పైన ఫోన్లోంచి కింద టీవీకి వీడియో పంపలేరు, కింద ప్రింటర్ పైకి కనపడదు. రెండు వైపులా ఒకే 192.168.1 వరస ఉంటే నెట్ కూడా రాకపోవచ్చు. నేను పెట్టే ప్రతి పాత రౌటర్‌లోనూ వ్యాన్ పోర్టు మీద టేపు అంటించి, అడుగున కొత్త చిరునామా మార్కర్‌తో రాసి వస్తాను. మీరు డల్లాస్ వెళ్ళిపోయాక ఎవరైనా చూడాల్సి వస్తే ఆ రాతే దారి చూపుతుంది.

పేరు విషయం. కిందా పైనా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ పెట్టండి. విడి పేర్లు పెడితే ఏది ఎక్కడుందో తెలుస్తుందని కొందరంటారు. నిజమే, కానీ పెద్దవాళ్ళ చేత మెట్లెక్కిన ప్రతిసారీ పేరు మార్పించడం న్యాయం కాదు. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోండి. కింది పెట్టెను వదిలి పై పెట్టెను ఎప్పుడు పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. కొన్ని ఫోన్లు సిగ్నల్ పూర్తిగా అడుగంటే దాకా పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి. అలా జరిగితే కింది పెట్టెలో ట్రాన్స్‌మిట్ పవర్‌ని 'మీడియం'కు తగ్గించండి. ఆశ్చర్యంగా ఉన్నా పనిచేస్తుంది.

చానెళ్ళు 2.4లో కిందకి 1, పైకి 6 లేదా 11 ఇచ్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లో ఉంచండి. ఒకదాని మీద ఒకటి పడని చానెళ్ళు ఈ మూడే. అంతా అయ్యాక నాన్నగారు కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే, అంటే బయటి నెట్‌కు దారి ఇచ్చే పెట్టె చిరునామా, చూడండి. 192.168.1.1 అని ఉంటే పని సరిగ్గా జరిగింది. వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్‌లో ఆ కుర్చీ దగ్గర సిగ్నల్ మైనస్ 67 గానీ, మైనస్ 60 వైపు ఇంకా మెరుగ్గా గానీ ఉంటే వీడియో కాల్ నిలుస్తుంది. మైనస్ 80కి పడిపోతే పెట్టె జాగా మార్చాలి. కరెంటు పోతే రెండు పెట్టెలూ ఆగిపోతాయి కాబట్టి, రెండింటికీ చెరో చిన్న యూపీఎస్ పెట్టించండి. అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా అన్నది చూసి మరీ కొనండి.

ప్రశ్న: అక్కా, మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. ఎలక్ట్రీషియన్‌తో పైకి కేబుల్ వేయించి యాక్సెస్ పాయింట్ పెట్టాం. పైన ఎప్పుడు చూసినా స్పీడు 94 దగ్గరే ఆగుతోంది. కింద 290 వస్తోంది. పెట్టె మార్చాలా? – కె., సిద్దిపేట

జవాబు: తమ్ముడూ, మీరు 94 అని అంకె రాయడం చాలా మంచిదైంది. అందులోనే జవాబుంది. 100 ఎంబీపీఎస్ లింకులో సర్దుబాటు ఖర్చులు పోగా చేతికొచ్చేది దాదాపు అంతే. అంటే దారిలో ఎక్కడో లింకు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నుంచి 100కు పడిపోయింది. వైఫైకి దీంతో సంబంధం లేదు.

మూడు చోట్ల వెతకండి. యాక్సెస్ పాయింట్ పోర్టే 100దా, మధ్యలో ఒక కేబుల్‌ని నాలుగైదు పరికరాలకు పంచే పాత నెట్‌వర్క్ స్విచ్ పెట్టె ఏమైనా ఉందా, లేక కేబుల్ కొనలా. నాకు మూడోదాని మీదే అనుమానం. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. కెమెరాల పని అలవాటైనవాళ్ళు నాలుగే బిగించి వదిలేస్తుంటారు. ఎనిమిదీ బిగించినా ఒక్క తీగ పిన్నుకు సరిగ్గా తగలకపోతే ఫలితం అదే. ప్లగ్ పారదర్శకంగానే ఉంటుంది. క్లిప్పు అవతలి వైపుకు, పిన్నులు మీకు కనపడేలా, కేబుల్ కిందికి వేలాడేలా పట్టుకుని ఎడమ నుంచి రంగులు చదవండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనల్లోనూ ఇదే వరస ఉండాలి. లేకపోతే ప్లగ్ కోసి కొత్తది క్రింప్ చేయించండి, చాలా చిన్న ఖర్చు.

అప్పటికీ మారకపోతే కేబుల్ తొక్క మీద రాసింది చదవండి. 'సీసీఏ' అని ఉంటే అది అల్యూమినియం తీగకు రాగి పూత. చవగ్గా వస్తుంది, వంచితే లోపల విరుగుతుంది. గోడలో ఇరవై ఏళ్ళు ఉండాల్సిన తీగకు పూర్తి రాగి కేబులే అడిగి తీసుకోండి. క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, క్యాట్ 6 అయితే ఇంకా నిశ్చింత. కరెంటు వైర్ల పైపులోంచే దీన్ని లాగి ఉంటే మాత్రం విడి పైపులోకి మార్పించండి. స్పీడు సంగతి పక్కన పెట్టినా, అది ప్రమాదం.

ప్రశ్న: అద్దె ఇల్లు మేడమ్. ఓనర్ గోడకు కన్నం పెట్టనివ్వరు. ఎక్స్‌టెండర్ కొంటే లాభం ఉంటుందా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొంత ఉంటుంది. ఎక్స్‌టెండర్ ఒకే చానెల్ మీద విని, అదే మాట మళ్ళీ పలకాలి కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడుతుంది. సిగ్నల్ చచ్చిపోయిన గదిలో దాన్ని పెడితే ఉపయోగం లేదు. సిగ్నల్ ఇంకా బాగున్న సగం దూరంలో పెట్టాలి.

కానీ కొనే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. ఏసీ పైపు కోసమో డిష్ కేబుల్ కోసమో పాత కన్నం ఎక్కడో ఒకచోట ఉంటుంది. తలుపు సందులోంచి దూరే పలచటి ఫ్లాట్ కేబుల్ కూడా దొరుకుతుంది. గోడ అంచు వెంట అంటించి, ఖాళీ చేసేటప్పుడు చుట్టి తీసుకుపోవచ్చు. ఓనర్ గారికి నొప్పి లేదు, మీకు పూర్తి స్పీడు.

ప్రశ్న: మా వారి క్లినిక్‌లో బిల్లింగ్ నేను చూసుకుంటాను. ఈమధ్య వెయిటింగ్ హాల్లో కొత్త పెట్టె పెట్టించాం. అప్పటి నుంచి కొందరి ఫోన్లలో 'కనెక్టెడ్, ఇంటర్నెట్ లేదు' అని వస్తోంది. ఒక్కోసారి బిల్లింగ్ కంప్యూటర్‌కీ అదే టెన్షన్. పేషెంట్ల కోసం పాస్‌వర్డ్ తీసేద్దామని మా వారి ఆలోచన. ఎదురు టీ కొట్టు అబ్బాయి కూడా మీ వైఫై ఇవ్వండి, కస్టమర్లకు అమ్ముకుంటా అంటున్నాడు. – పి., నరసరావుపేట

జవాబు: మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిదానికి కారణం నాకు ఇక్కడి నుంచే కనపడుతోంది. కొత్త పెట్టెలో డీహెచ్‌సీపీ ఆపకుండా తగిలించారు. ఒకే క్లినిక్‌లో ఇద్దరు కాంపౌండర్లు ఎవరికి వారు ఒకటో నంబర్ నుంచి టోకెన్లు పంచితే ఏమవుతుందో, మీ నెట్‌వర్క్‌లో అదే జరుగుతోంది. ఏ పెట్టె ముందు పలికితే ఫోన్ దాని మాట వింటుంది. కొత్త పెట్టె ఇచ్చిన గేట్‌వే వెంట వెళితే బయటికి దారి లేదు. నెట్ రాని ఫోన్లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే చదవండి. అది మెయిన్ పెట్టె చిరునామా కాకపోతే, అదే చిరునామా బ్రౌజర్‌లో కొట్టి డీహెచ్‌సీపీ ఆపేయండి. నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచేది ఒక్కరే ఉండాలి.

మెయిన్ పెట్టెలో ఇంకోటి కూడా చూడండి. చిరునామాల వరస 100 నుంచి 199 దాకా ఉందనుకోండి, మొత్తం నూరే. ఒక ఫోన్‌కు ఇచ్చిన చిరునామా ఒక రోజంతా దానికే అట్టిపెడితే, పొద్దున వచ్చి వెళ్ళిపోయినవాళ్ళే సాయంత్రం దాకా ఆ నంబర్లు ఆక్రమించి ఉంటారు. 'లీజ్ టైమ్' రెండు గంటలకు తగ్గించండి. ఆ హాల్లో పెట్టెకూ మెయిన్‌కూ మధ్య రెండు కేబుళ్ళు ఉన్నాయేమో కూడా చూడండి. డబుల్ స్పీడ్ వస్తుందని కొందరు అలా తగిలిస్తారు. మామూలు పెట్టెల్లో అది వలయమై, నెట్‌వర్క్ మొత్తం కూలిపోతుంది.

పాస్‌వర్డ్ మాత్రం తీయొద్దమ్మా, చేతులు జోడించి చెబుతున్నాను. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వెళ్ళిన బెదిరింపు ఈమెయిల్ జాడ తీస్తే, నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై దగ్గర తేలింది. దానికి తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. పోలీసులు ముందు వచ్చింది ఆ ఇంటికే. అదలా ఉంచినా, పేషెంట్ల రిపోర్టులున్న కంప్యూటరూ, దారినపోయే ఫోనూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. పేషెంట్లకు 'గెస్ట్' నెట్‌వర్క్ విడిగా పెట్టండి. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చినప్పుడు అందులో గెస్ట్ అని కనిపించినా, చాలాసార్లు నిజంగా వేరు చేయదు. గెస్ట్‌లోకి వెళ్ళిన ఫోన్లోంచి మీ ప్రింటర్ చిరునామా కొట్టి చూడండి. పేజీ తెరుచుకుంటే వేరు కానట్టే. క్లినిక్‌కి వీల్యాన్ (ఒకే తీగ మీద నెట్‌వర్క్‌లను విడదీసే పద్ధతి) తెలిసిన అసలు యాక్సెస్ పాయింట్ కొనడం దండగ ఖర్చు కాదు.

టీ కొట్టు అబ్బాయికి మీ లైన్ ఇవ్వొద్దు. దుకాణాల్లో వైఫై అమ్ముకోవడానికి పీఎం-వాణి పథకాన్ని కేంద్రం 2020 డిసెంబరులో ఆమోదించింది. చిన్న కొట్టుకు లైసెన్సు అక్కర్లేదు, పథకంలో నమోదైన అగ్రిగేటర్ (ఇలాంటి కొట్లను కలిపి నడిపే సంస్థ) ద్వారా పెట్టుకోవచ్చు. ఆ దారి చెప్పండి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కెమెరాలు పెట్టాలి. రాత్రిళ్ళు ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో ఇంటి నుంచే చూసుకోవాలని. నెట్ ఇంట్లో ఉంది. షెడ్డు 350 మీటర్లు ఉంటుంది. కేబుల్ లాగెయ్యమంటావా? – వి.ఆర్., భీమవరం దగ్గర

జవాబు: బాబాయి గారూ, రాగి కేబుల్ వద్దండి. దాని హద్దు 100 మీటర్లు. మధ్యలో స్విచ్‌లు పెట్టి సాగదీసినా, బయట పొలంలో అంత పొడవు రాగి అంటే పిడుగును ఇంటికి పిలిచినట్టే.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఎదురెదురుగా చూసుకునే 5 గిగాహెర్ట్జ్ అవుట్‌డోర్ యూనిట్ల జత. ఇంటి డాబా మీద ఒకటి, షెడ్డు పక్కన పైపు మీద ఒకటి. ఒకదాని నుంచి చూస్తే రెండోది కంటికి కనపడాలి. అది కూడా చాలదు. ఈ దూరానికి ఆ రెండింటి నడుమ గీసిన గీత చుట్టూ మధ్యలో రెండు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. కొబ్బరి మట్ట ఒక్కటి ఊగుతూ అడ్డం వచ్చినా సిగ్నల్ ఊగుతుంది. వానాకాలంలో ఆకు తడిస్తే ఇంకా నష్టం. అందుకని చెట్టు ఈ రోజు ఎంతుందో కాక, రెండేళ్ళలో ఎంత పెరుగుతుందో చూసి పైపు ఎత్తు నిర్ణయించండి. యూనిట్లకు 192.168.1.3, 192.168.1.4 ఇచ్చి, బ్రిడ్జి మోడ్‌లో, అంటే రెండు వైపులా ఒకే నెట్‌వర్క్‌గా ఉండేలా, కలిపి, షెడ్డు వైపు యూనిట్ నుంచి చిన్న స్విచ్, దానికి కెమెరాలు, మీ కుర్రాళ్ళ ఫోన్ల కోసం ఒక యాక్సెస్ పాయింట్.

ఈ యూనిట్లకు కరెంటు కూడా నెట్ కేబుల్‌లోనే వెళ్ళేలా చిన్న ఇంజెక్టర్ ఇస్తారు. దాన్ని జాగ్రత్తగా చూడండి. కొన్నింటిది 24 వోల్టుల పాసివ్ రకం. అవతల ఏముందో అడక్కుండానే కరెంటు తోసేస్తుంది. దాన్ని తెచ్చి వేరే పెట్టెకు తగిలిస్తే కాలిపోవచ్చు. 802.3ఏఎఫ్ రకమైతే ముందు అడిగి, తగిన పరికరమైతేనే ఇస్తుంది. ఏ ఇంజెక్టర్ దేనిదో రాసి అంటించి ఉంచండి.

రెండో దారి ఆప్టికల్ ఫైబర్, రెండు కొనలా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌కు కలిపే చిన్న పెట్టెలు. ఖర్చు కాస్త ఎక్కువ, గట్టు వెంట పైపులో పూడ్చాలి. కానీ గాజు తీగలో కరెంటు పారదు, పిడుగు భయం లేదు, చెట్లు ఎంత పెరిగినా లెక్క లేదు. ఫైబర్‌లో లోహపు తీగ లేని రకమే అడగండి. మీరు ఆ చెరువులు పదేళ్ళు చేసేవాళ్ళే అయితే నేను ఫైబరే వేయమంటాను. అర్ధరాత్రి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది, అది చూడ్డానికి పెట్టే లైను గాలీ వానల్లో తెగకూడదు.

ఏ దారైనా, షెడ్డులో పరికరాలకు విడిగా చిన్న బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. మోటార్ల లైనుకే తగిలిస్తే అవి స్టార్ట్ అయిన ప్రతిసారీ వోల్టేజీ పడి స్విచ్ ఆగి లేస్తుంది. పైగా, కరెంటు పోయిన సంగతి తెలియాల్సిన వేళకే కెమెరా ఆగిపోతుంది. ఉప్పుగాలికి ప్లగ్‌లు పచ్చబారతాయి కాబట్టి బయటి జాయింట్లన్నీ వాటర్‌ప్రూఫ్ టేపుతో చుట్టించండి. కేబుల్ పెట్టెలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు ఇస్తే వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చింది. పై గదిలో యాక్సెస్ పాయింట్ పెడదామంటే రేడియేషన్ అని అత్తగారు వద్దంటున్నారు. పెట్టొచ్చా? – ఎల్., కాకినాడ

జవాబు: పెట్టొచ్చు. వైఫై లాంటి బలహీనమైన సిగ్నళ్ళ వల్ల ఆరోగ్యానికి హాని జరుగుతుందనడానికి నమ్మదగ్గ శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో స్పష్టంగా చెప్పింది. ఇంటి పెట్టె పంపే శక్తి వాట్‌లో చిన్న భాగం, అదీ దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది.

అత్తగారి మాట తీసిపారేయాల్సిన పని కూడా లేదు. పెట్టెను మంచం తలవైపు గోడకు కాకుండా, తలుపు బయట వరండా సీలింగ్‌కు బిగించండి. పై అంతస్తులో రెండు గదులకూ సిగ్నల్ సమానంగా అందే చోటు ఎలాగూ అదే.